జీవాల ఎరువు: మంద కట్టిన పొలం నుంచి యూరియా బస్తా దాకా

వ్యవసాయ చరిత్ర అనగానే మన నోట్సుల్లో కనిపించేవి మూడు విషయాలు: భూమి శిస్తు, నీటిపారుదల, హరిత విప్లవం. పొలానికి సారం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు మోసుకొచ్చారు, అందుకు వాళ్లకు దక్కింది ఏమిటి అనే ప్రశ్నలకు ఏ అధ్యాయంలోనూ విడిగా చోటు లేదు. మెయిన్స్‌లో మాత్రం నేల ఆరోగ్యం, ఎరువుల సబ్సిడీ, సంచార పశుపోషకులు, ఉమ్మడి భూములు అంటూ నాలుగు వేర్వేరు ప్రశ్నలు వస్తాయి. ఈ నాలుగింటినీ ఒకే దారంతో కట్టే అంశం గొర్రెలు, మేకల ఎరువు. మన పల్లెల్లో గొర్రెలను, మేకలను కలిపి 'జీవాలు' అంటారు కాబట్టి ఈ వ్యాసంలో జీవాల ఎరువు అనే మాటే వాడుతున్నాను.

ముందుగా ఒక చిక్కుముడి చూడండి. 1951 పశుగణనలో దేశంలో గొర్రెలు సుమారు 3.91 కోట్లు, మేకలు సుమారు 4.72 కోట్లు. 2019 నాటి 20వ పశుగణనలో గొర్రెలు 7.43 కోట్లు, మేకలు 14.89 కోట్లు. అంటే జీవాలు 8.6 కోట్ల నుంచి 22.3 కోట్లకు, రెండున్నర రెట్లకు పెరిగాయి. ఈ లెక్కన ఎరువు కూడా పెరిగి ఉండాలి. మరి మెట్ట పొలాల్లో మంద కట్టించుకునే అలవాటు చాలా చోట్ల ఎందుకు పలచబడింది? జీవాలు పెరిగితే ఎరువు దానంతట అదే పొలానికి చేరుతుందనుకోవడం సరికాదని ఈ చరిత్ర చెబుతుంది. చేరడానికి ఒక దారి ఉండాలి. ఆ దారి ఎలా ఏర్పడిందో, ఎక్కడ తెగిందో చూద్దాం.

మంద కట్టడం అంటే ఏమిటి?

పగలంతా బీళ్లలో, గుట్టల మీద, కోసిన చేలలో మేసిన మందను రాత్రికి ఒక రైతు పొలంలో ఆపుతారు. చుట్టూ తడకలు గానీ వల గానీ కడతారు. రాత్రంతా పడిన పెంటికలు, మూత్రం ఆ ముక్కలోనే ఉంటాయి. మర్నాడు మందను పక్క ముక్కలోకి జరుపుతారు. అలా కొన్ని రాత్రుల్లో పొలమంతా తిరిగాక గుంటక తోలి పైపైన మట్టిలో కలుపుతారు. దీన్నే మంద కట్టడం, మంద పెట్టడం అంటారు.

ఇందులో రెండు శాస్త్రీయ విషయాలు గుర్తుంచుకోండి. మొదటిది పోషకాల సంగతి. వ్యవసాయ పాఠ్యపుస్తకాల ప్రకారం సాధారణ పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ 0.5 శాతం ఉంటాయి. గొర్రె, మేక ఎరువులో అవి సుమారు 3, 1, 2 శాతం. పశువుల ఎరువులో తడి, గడ్డి ఎక్కువగా, ఎండిన పెంటికల్లో తక్కువగా ఉండటం ఈ తేడాకు కొంత కారణం. అయినా బండికి ఎంత సారం వస్తుందని చూసే రైతుకు తేడా తేడానే.

రెండోది మూత్రం సంగతి. జంతువు విసర్జించే నత్రజనిలో పెద్ద భాగం మూత్రంలో పోతుంది. దొడ్డి ఊడ్చి గుంతలో వేసి మాగబెట్టే పద్ధతిలో ఆ మూత్రం దొడ్డి నేలలోనే ఇంకిపోతుంది. మంద కట్టినప్పుడు అది నేరుగా పొలానికి దక్కుతుంది. మోత కూలీ లేదు, బండి ఖర్చు లేదు. ఎరువు తన కాళ్ల మీద తానే నడిచి వస్తుంది.

అయితే మంద కొత్తగా పోషకాలను పుట్టించదు. పగలు బీడులో తిన్నదాన్ని రాత్రి పొలంలో దించుతుంది, అంతే. అంటే ఉమ్మడి భూమి నుంచి సొంత భూమికి సారాన్ని మోసే ఒక రవాణా వ్యవస్థ ఇది. దీనికి కావాల్సినవి మూడు: మేయడానికి ఉమ్మడి నేల, ఆపడానికి ఖాళీ పొలం, కాపరికి తగిన ప్రతిఫలం. రెండు వేల ఏళ్ల చరిత్రను ఈ మూడు అంశాలుగా చదివితే తేలిగ్గా అర్థమవుతుంది.

ప్రాచీన కాలం: పేడ ఉన్నంత మాత్రాన ఎరువు కాదు

భారత ఉపఖండంలో జీవాల పెంపకానికి తొలి ఆధారాలు బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో, క్రీ.పూ. 7000 ప్రాంతం నుంచి దొరుకుతాయి. దక్షిణాదిలో నవీన శిలాయుగం అనగానే గుర్తుకు రావాల్సినవి బూడిద దిబ్బలు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు, అనంతపురం జిల్లా పాలవాయి, కర్ణాటకలోని కుప్గల్, బుదిహాళ్ వంటి చోట్ల ఇవి బయటపడ్డాయి. ఇవి పశువుల పేడ పోగుపడి, మళ్లీ మళ్లీ కాలడం వల్ల ఏర్పడినవని రాబర్ట్ బ్రూస్ ఫుట్ 19వ శతాబ్దంలోనే గుర్తించాడు. ఉట్నూరు తవ్వకాలతో ఎఫ్.ఆర్. ఆల్చిన్ దాన్ని బలపరిచాడు. ఈ ప్రదేశాల్లో దొరికిన ఎముకల్లో ఆవు జాతివే ఎక్కువ, ఆ తర్వాతి స్థానం గొర్రెలు, మేకలది.

ఈ దిబ్బలు మన అంశానికి ఎందుకు? అంత పేడ పోగుపడినా దాన్ని పొలంలో చల్లకుండా కాల్చారు. పశువులు ఉండటం వేరు, వాటి పేడ నేలకు చేరడం వేరు. నాలుగు వేల ఏళ్ల తర్వాత బ్రిటిష్ అధికారులు పిడకల గురించి వాదించుకున్నప్పుడు కూడా ప్రశ్న ఇదే.

గ్రంథాల దగ్గరకు వస్తే ఎరువు గురించిన ఎరుక స్పష్టంగా కనిపిస్తుంది. అర్థశాస్త్రంలో సీతాధ్యక్షుడి ప్రకరణం విత్తనాలకు పేడ పట్టించడం గురించి చెబుతుంది. కృషి పరాశరం పేడకుప్పను మాఘంలో తవ్వి, ఎండబెట్టి, పొడి చేసి, ఫాల్గుణంలో పొలంలోని గుంతల్లో వేసే విధానాన్ని వివరిస్తుంది. జీవాల ఎరువు పేరు పెట్టి కనిపించేది 6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో. అందులోని వృక్షాయుర్వేద అధ్యాయం గొర్రె, మేక పెంటికల పొడిని నువ్వులు, పిండి, మాంసంతో కలిపి ఏడు రాత్రులు నీళ్లలో నానబెట్టి చెట్లకు, తీగలకు పోయమంటుంది. పూత, కాపు కోసం చెప్పిన యోగం అది. తోటమాలికి మేక ఎరువు విలువ అప్పటికే తెలుసన్నమాట.

మధ్యయుగం: శాసనాలు లెక్కపెట్టినవి, వదిలేసినవి

చోళుల కాలపు శాసనాల్లో గుడిలో అఖండ దీపానికి 90 లేదా 96 గొర్రెలను దానం చేయడం మామూలు విషయం. ఆ గొర్రెలను కాపరికి అప్పగిస్తారు. అతను ప్రతిరోజూ నియమిత కొలతలో నెయ్యి పోయాలి. గొర్రెల సంఖ్య ఎప్పటికీ తగ్గకూడదు కాబట్టి వాటిని చావని, ముసలివి కాని గొర్రెలని శాసనాలు పిలిచాయి. ఆంధ్ర ప్రాంత శాసనాల్లోనూ దీపం కోసం జీవాలను బోయలకు అప్పగించిన దానాలున్నాయి. మరోవైపు రాజ్యం పుల్లరి పేరుతో మేత పన్ను వసూలు చేసింది. కాటమరాజు కథకు మూలమైన నెల్లూరు పాలకుడితో తగవు కూడా పుల్లరి తగవే.

అంటే నెయ్యికి లెక్క ఉంది, మేతకు పన్ను ఉంది. ఎరువు మాత్రం లెక్కల్లోకి రాలేదు. కాపరికి, రైతుకు మధ్య నోటి మాట మీద, ధాన్యం కొలత మీద నడిచిన వ్యవహారం కావడమే ఇందుకు కారణం. రాతలో లేని ఈ లావాదేవీ తర్వాతి కాలంలో చట్టాల కంటికి కూడా ఆనలేదు.

కాపరి, రైతు: ఇచ్చిపుచ్చుకునే లెక్క

ఈ సంబంధానికి మీ అందరికీ తెలిసిన ఉదాహరణ పాత ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలోనే ఉంది. మహారాష్ట్ర ధన్‌గర్లు వానాకాలం పీఠభూమి మీద గడిపి, అక్టోబరు ప్రాంతంలో సజ్జ కోశాక పడమరగా కొంకణ్‌కు దిగేవారు. అక్కడ ఖరీఫ్ వరి కోసిన రైతులు రబీకి నేలను సిద్ధం చేసుకోవాలి. మంద వచ్చి కొయ్యకాళ్లు మేసి, పొలానికి ఎరువు వేస్తుంది. బదులుగా రైతులు బియ్యం ఇచ్చేవారు. ధాన్యం కొరతగా ఉండే పీఠభూమికి ఆ బియ్యం వెళ్లేది. వానలు మొదలవగానే, తడి తట్టుకోలేని గొర్రెలతో వాళ్లు తిరిగి పైకి వెళ్లిపోయేవారు.

ఇదే నమూనా దేశమంతటా కనిపిస్తుంది. రాజస్థాన్ రైకాలు ఎండాకాలంలో హర్యానా, మధ్యప్రదేశ్, గుజరాత్ వైపు మందలతో వెళ్లి, దారి పొడవునా పొలాల్లో మంద కడతారు. హిమాచల్ గద్దీలు చలికాలంలో శివాలిక్ కొండల దిగువకు, వేసవిలో లాహుల్, స్పితి పచ్చికలకు వెళ్తూ మధ్యలో పల్లెల్లో ఆగుతారు. మన దగ్గర కురుమలు, గొల్లలు, కర్ణాటకలో కురుబలు ఇదే పని చేశారు. పాలమూరు కాపరులు మేత కోసం నల్లమలకూ, కృష్ణా తీరానికీ వలస వెళ్లడం ఇప్పటికీ ఉంది.

ఈ బంధాన్ని మరీ తీపిగా కూడా చూడకండి. మందకు ధాన్యం కొలవగలిగిన పెద్ద రైతు పొలమే ముందు తడిసేది. ఎకరం, అరెకరం ఉన్నవాడికి మిగిలిన రాత్రులు దక్కేవి. రాత్రంతా తోడేళ్ల నుంచి, దొంగల నుంచి మందను కాసుకునే కష్టం కాపరిదే. అయినా ఆ లావాదేవీలో ఇరువైపులా అవసరం ఉంది. అదే దాన్ని నిలబెట్టింది.

వలస పాలన: పిడక మీద చర్చ, మేత మీద ఆంక్ష

టిప్పు పతనం తర్వాత 1800-01లో ఫ్రాన్సిస్ బుకానన్ మద్రాసు నుంచి మైసూరు, కెనరా, మలబారు మీదుగా చేసిన ప్రయాణ నివేదిక దక్షిణాది వ్యవసాయానికి గొప్ప ఆధారం. పొలంలో గొర్రెల మందలను ఆపడం అందులో సాధారణ రైతు పద్ధతిగానే నమోదైంది.

19వ శతాబ్దం చివరికి వచ్చేసరికి అధికారుల చర్చంతా పిడకల చుట్టూ తిరిగింది. కాంగ్రెస్ స్థాపకుడిగా మనకు తెలిసిన ఏ.ఓ. హ్యూమ్ 1879లో భారత వ్యవసాయ సంస్కరణ మీద ఒక పుస్తకం రాశాడు. పేడను పొయ్యిలో కాల్చడం వల్ల పొలం సారం పోతోందని, ఇంధన కలపకు తోటలు పెంచాలని వాదించాడు. 1889లో వచ్చిన రసాయన శాస్త్రవేత్త జె.ఎ. వోల్కర్ దేశమంతా తిరిగి 1893లో నివేదిక ఇచ్చాడు. రైతుకు ఎరువు విలువ తెలియక కాదు, కట్టెలు దొరకకే పేడ కాలుస్తున్నాడని తేల్చాడు. ఊళ్ల దగ్గర ఇంధనం, మేత కోసం ప్రత్యేక అడవులు పెంచమన్నాడు.

జీవాల ఎరువు ప్రత్యేకత ఇక్కడే ఉంది. పెంటికలు చిన్నవి, చెల్లాచెదురుగా పడతాయి. వాటిని పిడకలుగా చరచడం సాధారణంగా కుదరదు. ఆవు పేడకు పొయ్యి పోటీ ఉంది, గొర్రె పెంటికకు లేదు. అది పొలానికే పోతుంది. కట్టెల కరువున్న మెట్ట ప్రాంతాల్లో మందకు అంత గిరాకీ ఉండటానికి ఇదొక కారణం.

కానీ అదే సమయంలో ప్రభుత్వం మరో చేత్తో మందకు మేతను తగ్గిస్తూ వచ్చింది. 1865 తర్వాత వచ్చిన 1878 అటవీ చట్టం అడవులను రిజర్వుడు, రక్షిత, గ్రామ అడవులుగా విభజించింది. మద్రాసు రాజధానికి 1882లో వేరే అటవీ చట్టం వచ్చింది. రిజర్వుడు అడవిలో మేత హక్కుగా కాక అనుమతిగా మారింది. మేక మీద అటవీ శాఖకు మొదటి నుంచీ అనుమానమే. లేత మొక్కలను తినేస్తుందనే కారణంతో దాన్ని చాలా చోట్ల బయటే ఉంచారు. మేత పన్ను సంగతీ అంతే. 1850ల నుంచి 1880ల దాకా దాని వసూలు హక్కును వేలం వేశారు. కాంట్రాక్టర్లు వీలైనంత పిండుకున్నారు. 1880ల నాటికి ప్రభుత్వమే నేరుగా వసూలు చేయసాగింది.

ఈ బాధను అప్పుడే గట్టిగా చెప్పినవాడు మహాత్మా జ్యోతిబా ఫూలే. 1883 నాటి 'షేత్కర్యాచా ఆసూడ్'లో, గుట్టల మీద, అడవుల్లో పశువులను, మేకలను మేపుకుని బతికే చిన్న రైతుల నోటి ముందు కూడును అటవీ శాఖ లాగేసిందని ఆయన నిలదీశాడు. మన ప్రాంతంలో ఇది ఉద్యమంగా మారింది 1921-22లో. పల్నాడులో పుల్లరి కట్టబోమని జనం తిరగబడ్డారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. పల్నాడు అటవీ సత్యాగ్రహాన్ని మనం సహాయ నిరాకరణలో భాగంగా చదువుతాం. మేత పోతే పశువు పోతుంది, పశువు పోతే పొలానికి ఎరువు పోతుంది అనే గొలుసు కూడా దానిలో ఉందని గమనించండి.

పరిశోధనా కేంద్రాలు చెప్పింది

ఎరువు వేసిన నేల ఏళ్ల తరబడి ఎలా మారుతుందో తెలుసుకోవాలంటే ఒకే మడిలో దశాబ్దాల పాటు ప్రయోగం నడవాలి. ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన ప్రయోగాలు దీనికి నమూనా. మన దేశంలో కాన్పూర్‌లో 1885లో, పూసాలో 1908లో, కోయంబత్తూరులో 1909లో శాశ్వత ఎరువుల ప్రయోగాలు మొదలయ్యాయి. ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవార్డ్ కంపోస్టు పద్ధతిని తీర్చిదిద్ది, యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో పుస్తకంగా వెలువరించాడు. స్వాతంత్ర్యం తర్వాత 1970లో భారత వ్యవసాయ పరిశోధన మండలి దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలను 11 కేంద్రాల్లో ప్రారంభించింది.

ఈ ప్రయోగాల సారాంశం మూడు వాక్యాల్లో చెప్పవచ్చు. నత్రజని ఒక్కటే వేస్తూ పోయిన మడుల్లో కాలక్రమంలో దిగుబడి పడిపోయింది. రాంచీ, పాలంపూర్ వంటి ఆమ్ల నేలల్లో ఈ పతనం మరీ తీవ్రం. రసాయన ఎరువులతో పాటు పశువుల ఎరువు కూడా వేసిన మడుల్లో దిగుబడి, సేంద్రియ కర్బనం రెండూ మెరుగ్గా నిలబడ్డాయి. ఇవి ప్రధానంగా పశువుల ఎరువుతో చేసిన ప్రయోగాలు. సేంద్రియ పదార్థం నేలలో చేసే పని ఒకటే కాబట్టి జీవాల ఎరువుకూ ఈ పాఠం వర్తిస్తుంది.

1951 తర్వాత: మూడు అంశాలూ మారాయి

ఇప్పుడు మొదటి చిక్కుముడికి తిరిగి వద్దాం. జీవాలు రెండున్నర రెట్లయ్యాయి. మంద కట్టడానికి కావాల్సిన మూడు అంశాలకు ఏమైంది?

మొదటిది ఉమ్మడి నేల. దేశంలో శాశ్వత పచ్చిక బయళ్లు 1960-61లో సుమారు 1.4 కోట్ల హెక్టార్లు ఉండగా, ఇప్పుడు కోటి హెక్టార్ల పైచిలుకు మాత్రమే మిగిలాయి. 1980లలో ఎన్.ఎస్. జోధా ఏడు రాష్ట్రాల మెట్ట ప్రాంతాల్లో చేసిన అధ్యయనం మనకు చాలా ముఖ్యం. 1950ల తొలినాళ్ల నుంచి 1980ల తొలినాళ్ల దాకా, మూడు దశాబ్దాల్లో ఊరి ఉమ్మడి భూములు సుమారు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గాయని ఆయన చూపించారు. భూ పంపిణీ, ఆక్రమణ, సాగు విస్తరణ అన్నీ కలిసి చేసిన పని అది. భూమి లేనివాడికి పట్టా ఇవ్వడం న్యాయమే. కానీ ఆ బంజరు మీద మేసే మందకు ప్రత్యామ్నాయం ఎవరూ ఆలోచించలేదు.

రెండోది ఖాళీ పొలం. దేశ పంట సాంద్రత 1950-51లో 111 శాతం. అంటే చాలా భాగం నేల ఏడాదికి ఒకే పంట చూసేది, మిగతా నెలలు ఖాళీగా ఉండేది. ఇప్పుడది 150 శాతం దాటింది. కాలువ, బోరు వచ్చిన చోట ఖరీఫ్ కోయగానే రబీ దుక్కి మొదలవుతుంది. మంద ఆపడానికి వారం రోజులు కూడా దొరకవు. నీరు రావడం రైతుకు మేలే, మందకు మాత్రం ఆగే చోటు పోయింది.

మూడోది ప్రతిఫలం. దీన్ని అంకెలతో చూద్దాం. 1950-51లో దేశం మొత్తం వాడిన రసాయన ఎరువుల పోషకాలు సుమారు 70 వేల టన్నులు. 2019-20 నాటికి అవి సుమారు 2.9 కోట్ల టన్నులు. అంటే 400 రెట్లు.

యూరియా బస్తాతో ఒక చిన్న లెక్క

ఇది నేను వేసిన స్థూల లెక్క, కొలత కాదు. 30 కిలోల గొర్రె రోజుకు తన బరువులో 3 శాతం, అంటే 0.9 కిలోల ఎండు మేత తింటుందనుకుందాం. మేతలో నత్రజని 1.5 శాతం అనుకుంటే రోజుకు 13.5 గ్రాములు లోపలికి పోతాయి. ఒంట్లో నిలిచేది పోగా సుమారు 12 గ్రాములు బయటికి వస్తాయి. అందులో సగం రాత్రి పూట పొలంలో పడితే గొర్రెకు 6 గ్రాములు, వెయ్యి గొర్రెలకు రాత్రికి 6 కిలోలు.

45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన నత్రజని 20.7 కిలోలు. అంటే వెయ్యి గొర్రెలు మూడున్నర రాత్రులు పొలంలో పడుకుంటే ఒక్క యూరియా బస్తా నత్రజని వస్తుంది. సబ్సిడీ వల్ల ఆ బస్తా రైతుకు 270 రూపాయల లోపే దొరుకుతుంది. కాపరి కుటుంబం మూడున్నర రాత్రుల జాగారం ఈ ధరతో పోటీ పడాలి! నత్రజని ఒక్కటే కొలమానం అయితే కాపరి ఓడిపోతాడు.

కానీ ఆ లెక్కలో భాస్వరం, పొటాష్, సూక్ష్మ పోషకాలు లేవు. నేలలో తేమ పట్టి ఉంచే సేంద్రియ పదార్థం లేదు. మెట్ట రైతుకు అసలు విలువ అక్కడే ఉంది. 1992లో భాస్వరం, పొటాష్ ఎరువుల మీద నియంత్రణ ఎత్తేసి యూరియాను మాత్రం చవకగా ఉంచినప్పుడు, ఎన్‌పీకే నిష్పత్తి ఒక్క ఏడాదిలో 5.9:2.4:1 నుంచి 9.5:3.2:1కి చెదిరింది. ఆదర్శంగా చెప్పే నిష్పత్తి 4:2:1. 2010లో వచ్చిన పోషకాధారిత సబ్సిడీ నుంచి కూడా యూరియాను మినహాయించారు. ఈ ధరల తేడా నేలనే కాదు, కాపరి బేరాన్ని కూడా దెబ్బతీసింది. ధాన్యం కొలిచి మందను పిలిచిన రైతు, కొన్ని ప్రాంతాల్లో ఇప్పుడు కొయ్యకాళ్ల మేతకు కాపరి దగ్గరే డబ్బు అడుగుతున్నాడు. చెల్లింపు దిశ తిరగబడటం ఈ డెబ్బై ఏళ్లలో వచ్చిన అతిపెద్ద మార్పు అని నా అభిప్రాయం.

అతిగా చెప్పకూడని విషయాలు

జవాబు రాసేటప్పుడు సమతూకం అవసరం. అదే లెక్కను దేశానికి వర్తింపజేయండి. జీవానికి ఏడాదికి 4 కిలోల నత్రజని అనుకుంటే 22.3 కోట్ల జీవాల నుంచి వచ్చేది సుమారు 9 లక్షల టన్నులు. అదీ పగలు, రాత్రి కలిపి. దేశం వాడుతున్న రసాయన నత్రజని సుమారు 1.9 కోట్ల టన్నులు. అంటే మొత్తం పట్టుకున్నా 5 శాతం లోపే. జీవాల ఎరువు యూరియాకు దేశవ్యాప్త ప్రత్యామ్నాయం అని రాస్తే అది తప్పవుతుంది. దాని స్థానం వర్షాధార మెట్టల్లో, పండ్ల తోటల్లో, కూరగాయ మడుల్లో.

ఇంకో రెండు పరిమితులున్నాయి. మంద కట్టాక వెంటనే మట్టిలో కలపకపోతే నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. సర్కారు తుమ్మ కాయలు తిన్న గొర్రెల కడుపు నుంచి విత్తనాలు బతికే బయటికి వచ్చి పొలంలో మొలుస్తాయి. వీటికి తోడు, బీడుకు తిరిగి ఏమీ ఇవ్వకుండా ఎప్పటికీ అక్కడి నుంచే సారం తెచ్చుకుంటే బీడు కూడా బీద పడుతుంది. కాబట్టి ఉమ్మడి భూమిని కాపాడటం అంటే విస్తీర్ణం కాపాడటమే కాదు, దాని పచ్చికను మళ్లీ పెంచడం కూడా.

విధానాలు ఎటు చూస్తున్నాయి?

మేకే అడవిని నాశనం చేస్తుందన్న పాత అభియోగాన్ని పరిశీలించడానికి కేంద్రం వేసిన కార్యదళానికి మన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షత వహించారు. 1987 నాటి ఆ నివేదిక పర్యావరణ క్షీణతకు జీవాలను మాత్రమే దోషిగా నిలబెట్టలేమనే దిశగా సాగింది. 2006 అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(1)(డి) స్థిర, సంచార పశుపోషకుల మేత హక్కును, రుతువారీగా వనరులు వాడుకునే హక్కును గుర్తించింది. 1878 నుంచి చూస్తే ఇది పెద్ద మలుపు. అమలే ఇంకా వెనకబడి ఉంది. ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ పచ్చిక బయళ్లు, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది, కాబట్టి ఈ అంశం వర్తమాన వ్యవహారాల్లోనూ ఉంటుంది.

ఎరువుల విధానాల్లో మాత్రం మంద ఎక్కడా కనిపించదు. 2015 నాటి సాయిల్ హెల్త్ కార్డు నేలలో సేంద్రియ కర్బనం ఎంతో చెబుతుంది, అది ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో చెప్పదు. 2018 నాటి గోబర్‌ధన్, 2023 నాటి పీఎం-ప్రణామ్ బయోగ్యాస్ ప్లాంటు నుంచి వచ్చే సేంద్రియ ఎరువుకు ఊతమిస్తాయి. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయం ఆవు పేడ, మూత్రంతో చేసే జీవామృతం మీద నిలబడింది. వీటన్నిటిలోనూ ఎరువు అంటే ఆవు.

తెలంగాణ ఉదాహరణ మరీ ఆలోచించదగ్గది. 2017లో 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలైంది. 2019 పశుగణనలో 1.91 కోట్ల గొర్రెలతో రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండోది. పథకం మీద చర్చంతా మాంసం, ఆదాయం చుట్టూ తిరిగింది. తర్వాతి ఏళ్లలో సాగునీరు పెరిగి యాసంగి వరి విస్తరించింది. గొర్రెలు పెరిగాయి, కానీ అవి ఆగే ఖాళీ పొలాలు తగ్గాయి. పశుసంవర్ధకం ఒక శాఖ, వ్యవసాయం ఒక శాఖ, అటవీ, రెవెన్యూ ఇంకో రెండు. మంద మాత్రం ఈ నాలుగు శాఖల నేల మీదా ఒకే రోజు నడుస్తుంది.

అయినా జీవాల ఎరువుకు విలువ పోలేదు. తోటలకు, నర్సరీలకు, మిద్దె తోటలకు అదే ఎరువు ఇప్పుడు సంచుల్లో అమ్ముడవుతోంది. డబ్బు పెట్టగలిగిన పంట వైపు అది లారీ ఎక్కి వెళ్తోంది. సారం అందక మిగిలిపోతున్నది జొన్న, కంది, వేరుశనగ వేసే మెట్ట చేను.

జవాబులో ఎలా వాడాలి?

నేల ఆరోగ్యం మీద ప్రశ్న వస్తే సేంద్రియ కర్బనం తగ్గుదలను యూరియా ధరతో పాటు ఉమ్మడి భూముల తగ్గుదలకు కూడా ముడిపెట్టండి. పశుపోషకుల మీద ప్రశ్న వస్తే వాళ్లను మాంసం, ఉన్ని ఉత్పత్తిదారులుగానే కాక నేలకు సేవ అందించినవారిగా చూపండి. సూచనలు అడిగితే ఇవి రాయవచ్చు: వలస దారుల్లోని ఉమ్మడి భూముల గుర్తింపు, అటవీ హక్కుల చట్టం కింద మేత హక్కుల అమలు, మెట్ట రైతు మంద కట్టించుకుంటే కాపరికి చేరేలా ప్రోత్సాహకం, పశుగణనలో వలస మందలకు విడి లెక్క. తలలు లెక్కపెట్టడం మనకు వచ్చు, మంద ఏ పొలంలో ఎన్ని రాత్రులు ఆగిందో మాత్రం ఇంతవరకు ఏ పశుగణనా అడగలేదు.

సాధన ప్రశ్నలు

1. వలస పాలనలోని అటవీ చట్టాలు పశుపోషకులనే కాక రైతుల నేల సారాన్ని కూడా ప్రభావితం చేశాయి. చర్చించండి. (250 పదాలు)

2. భారతదేశంలో చిన్న జీవాల సంఖ్య పెరిగినా మెట్ట నేలలకు సేంద్రియ ఎరువు కొరత ఎందుకు తీరలేదు? ఉమ్మడి భూములు, పంట సాంద్రత, ఎరువుల సబ్సిడీల కోణంలో విశ్లేషించండి. (250 పదాలు)

రెండో ప్రశ్నకు ముందు జవాబు రాసి చూడండి. మూడు కారణాల్లో దేనికి ఎక్కువ బరువు ఇస్తారో మీ జిల్లా ఉదాహరణతో రాస్తే ఆ జవాబు మిగతావాటి కంటే వేరుగా నిలుస్తుంది.